ఆరు ఖాళీ వరుసలు

ఆ బుధవారం మధ్యాహ్నానికి టార్ కోవ్‌లో పదకొండు మంది నుదుళ్లు మండుతున్నాయి. వాటిలో వెర్నా డైయర్ నుదురొకటి.

పొద్దున్న ఏడింటికి సెయింట్ బార్నబస్ చర్చిలో భస్మ బుధవారపు ఆరాధనకు వెళ్లి, ఫాదర్ పెక్ బొటనవేలితో దిద్దిన బూడిద సిలువతో ఆమె నేరుగా ఆఫీసుకొచ్చింది. పదింటికి దురద మొదలైంది. పన్నెండింటికి మంట. రెండింటికి తడిగుడ్డతో తుడిచి అద్దంలో చూసుకుంటే బూడిద పోయింది కానీ సిలువ పోలేదు, ఎర్రగా పొక్కి ఉంది. దేవుడే గుర్తు వేశాడని ఊళ్లో అప్పటికే అనుకుంటున్నారు. అనుకోరూ మరి! ఆరాధన అయిన అరగంటకే చర్చి నేలమాళిగ మెట్ల కింద, సంఘపత్రిక నడిపే విన్నీ స్టోవర్ శవం దొరికింది. తల వెనక పుర్రె పగిలి ఉంది. చుట్టూ రక్తం గడ్డకట్టి ఉంది.

వెర్నా యజమాని ఏసా బిక్‌ఫర్డ్‌కు దేవుడి గుర్తుల మీద నమ్మకం లేదు. ప్రైవేటు డిటెక్టివ్ కాకముందు ఆయన ఇరవై రెండేళ్లు బీమా కంపెనీ కోసం తగలబడిన గోదాములు, పడవలు తనిఖీ చేశాడు. ఏ బూడిద దేని బూడిదో చెప్పగలడని వెర్నా ఊరంతా చెప్పుకునేది. ఆయన మాత్రం ఆమె నుదురు చూసి, దాని మీద ఏదీ రాయొద్దని, చల్లటి నీళ్లతో కడుగుతూ ఉండమని చెప్పి ఊరుకున్నాడు.

మూడింటికి తలుపు తోసుకుని ఎమరీ టిబెట్స్ వచ్చాడు. చర్చిలో పొయ్యి రాజేసి, మంచు ఎత్తి, గంట కొట్టే మనిషి. అరవై ఏళ్లుంటాయి. టోపీ చేతిలో నలిగిపోతోంది.

"నన్ను మళ్లీ పట్టుకుపోతారు బిక్‌ఫర్డ్ గారూ," అన్నాడు.

ఆ 'మళ్లీ' ఎందుకో ఊళ్లో తెలియనివాళ్లు లేరు. పంతొమ్మిదేళ్ల కింద, 1958లో, సరిగ్గా ఇలాగే భస్మ బుధవారానికి ముందురోజు చర్చి హాల్లో ఏటా పెట్టే పాన్‌కేకుల విందు జరుగుతుండగా, చర్చి ట్రక్కు కింద పడి డెల్లా మెరిల్ అనే ఎనిమిదేళ్ల పిల్ల చచ్చిపోయింది. అప్పుడు సాయంత్రం ఆరూ ఇరవై. ట్రక్కు తాళం ఎమరీ దగ్గరుండేది. అతను తాగి పొయ్యి గదిలో పడున్నాడు. నువ్వే నడిపావంటే కాదనడానికి అతనికి ఏదీ గుర్తు లేదు. ఏడేళ్లు జైల్లో ఉండొచ్చాడు. మళ్లీ చుక్క ముట్టలేదు. రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకోవడానికి కూడా బలిపీఠం ముందుకు రాలేదు, బూడిదా పెట్టించుకోలేదు. తనకు ఆ అర్హత లేదన్నాడు.

బిక్‌ఫర్డ్ మంగళవారం సంగతి అడిగాడు. ఎమరీ రెండింటికి పక్క ఊరికి గ్యాస్ సిలిండర్ కోసం బయలుదేరాడట. అప్పుడే విన్నీ ఎండు మట్టల సంచీతో చర్చిలోకి వెళ్లడం చూశాడు. కిందటేడు మట్టల ఆదివారం పంచిన మట్టల్ని కాల్చి నుదుట పెట్టే బూడిద చెయ్యడం ముప్పై ఏళ్లుగా ఆమె పని. నాలుగున్నరకు తిరిగొచ్చి చర్చి ముందు మంచు ఎత్తాడు. ఐదున్నరకు హాల్లో సిలిండర్ తగిలించాకే విందు పొయ్యి వెలిగింది. విన్నీని మళ్లీ చూడలేదు. పత్రిక పని ఉన్న రోజుల్లో ఆమె విందులకు రాదు కాబట్టి ఎవరూ వెతకలేదు. నేలమాళిగ మంచుపెట్టెలా ఉంది, ఏ వేళకు చనిపోయిందో డాక్టరు చెప్పలేకపోయాడు.

"మరి షెరిఫ్ వేళ ఎలా కట్టాడు?"

"బూడిదని బట్టి. నాలుగింటికి చర్చి వెనక పొగ లేచిందట. అది చల్లారి, జల్లించి, గిన్నెలోకి ఎత్తేసరికి ఐదవుతుంది. అంటే ఐదుదాకా విన్నీ బతికే ఉంది. ఐదు నుంచి అందరూ హాల్లో ఉన్నారు. చర్చి వైపు నేనొక్కణ్ణే." నలిగిన టోపీని అరచేత్తో చదును చేశాడు. "శుక్రవారం సాయంత్రం వస్తామన్నారు. నాకు జైలంటే భయం లేదండీ. చెయ్యలేదని ఈసారి నాకు గుర్తుంది. అది ఎవరూ నమ్మకపోతే మాత్రం తట్టుకోలేను."

గురువారం పొద్దున్నే బిక్‌ఫర్డ్, వెర్నా ఇద్దరూ చర్చికి వెళ్లారు. బలిపీఠం సామాను చూసే ఆర్లీన్ హాచ్ వస్త్రాల గదిలో ఊదారంగు తెరలు మడతపెడుతోంది. ఆమె నుదుటి మీదా పొక్కు. ఆర్లీన్ నోట్లో నువ్వుగింజ నానదు. అడిగినదానికీ అడగనిదానికీ కలిపి చెప్పింది: నాలుగింటికి రోడ్డు మీంచి పొగ చూసింది తనే. విన్నీ బూడిదంటే కాటుకలా ఉండేది, టీ జల్లెడలో పట్టి, రెండు చుక్కల ఆలివ్ నూనె వేసి నూరేది. నూనె తనే ఇంటినుంచి తెచ్చుకునేది. ఐదింటికి తాను హాలు తలుపు దగ్గరకొచ్చేసరికి చర్చి వ్యవహారాలు చూసే పెద్ద వార్డెన్ గ్రిండల్ అప్పటికే అక్కడున్నాడు. పెనం కాల్చిందని వేళ్లకు రాసుకోవడానికి వెన్న అడిగాడు. పాతికేళ్లుగా పెనం దగ్గర నిలబడుతున్నాడు, పాపం, ఇంకా వేళ్లు కాల్చుకుంటూనే ఉన్నాడు.

"ఎమరీని మేం మళ్లీ పనిలో పెట్టుకోకుండా ఉండాల్సింది," అని కూడా అంది. వెర్నాకు ఒళ్లు మండింది. ఎమరీ పన్నెండేళ్లుగా ఈవిడ వాకిట్లో మంచు ఎత్తాడు, పైసా తీసుకోలేదు.

విన్నీ చేతిసంచీ ఇంకా అక్కడే కొక్కేనికి వేలాడుతోంది. అందులో కళ్లద్దాలు, చేతిగుడ్డ, చిన్న ఆలివ్ నూనె సీసా. మూత మీద సీలు చెక్కుచెదరలేదు. ఎప్పుడూ ఆమె దగ్గరుండే చిన్న నోటుపుస్తకం మాత్రం లేదు. సంఘంలో పుట్టుకలు, పెళ్లిళ్లు, జబ్బులు, ఎవరింట్లో ఎవరు దిగారో అన్నీ అందులో పెన్సిలుతో రాసుకుని, నెలనెలా సంఘపత్రికలో వేసేది.

ఫాదర్ పెక్ మిగిలిన బూడిద గిన్నె తెచ్చి ఇచ్చాడు. ముప్పై మూడేళ్ల మనిషి, ఈ సంఘానికి వచ్చి ఐదు నెలలు. కుడి బొటనవేలు బొబ్బలెక్కి తోలు ఊడుతోంది. ఇంతకుముందు చేసిన చర్చిల్లో బూడిద పొట్లాల్లో కొనేవారని, ఇది తేడాగా ఉందని తనకు తెలియలేదని చెప్పాడు. బిక్‌ఫర్డ్ గిన్నెను కిటికీ దగ్గర పట్టి చూశాడు. బూడిద నల్లగా లేదు. తెల్లటి రేకుల్లాంటి పలుకులు కలిసి, బూడిదరంగులో, అంచుల్లో పొడిగా అట్టకట్టి ఉంది.

"ఈ మధ్య విన్నీ మీతో ఏమైనా అందా ఫాదర్?"

ఆదివారం ఆరాధనయ్యాక ఒక ప్రశ్న అడిగిందట. ఒకడు చేసిన తప్పు బయటపడితే ముందు ఆ తప్పు చేసినవాడికి చెప్పాలా, దానివల్ల నష్టపోయినవాడికి చెప్పాలా అని. తప్పు చేసినవాడి దగ్గరికే ముందు ఒంటరిగా వెళ్లాలని సువార్త చెబుతోంది కదా, అదే చెప్పాడు. బైబిలు చదువుతూ వచ్చిన సందేహం అనుకున్నాడు.

వెనక గుమ్మం దగ్గర మంచులో నల్లటి మచ్చ ఉంది, జల్లెడలో మిగిలినదాన్ని ఎవరో అక్కడ విదిలించారు. బిక్‌ఫర్డ్ మోకాళ్ల మీద కూర్చుని పెన్సిలుతో కెలికి, మాడిపోయిన తీగచుట్ట ఒకటి బయటికి తీశాడు. అది విన్నీ నోటుపుస్తకానికి కుట్టిన తీగే. వెర్నా దాన్ని ఎన్నిసార్లు చూసిందో. అప్పటిదాకా విన్నీ పోయిందని తెలుసు, ఆ దెబ్బ మనసుకి తగిలింది ఇప్పుడే. అక్కడే గుమ్మం మీద కూర్చుని ఏడ్చింది.

పత్రిక గదిలో కాపీలు తీసే సైక్లోస్టైల్ మిషను పక్కన వచ్చే నెల పత్రిక స్టెన్సిలు టైపు చేసి ఉంది. చివరి పేజీలో 'దిద్దుబాటు' అని శీర్షిక, దాని కింద ఆరు వరుసల ఖాళీ. విన్నీ పత్రికలో ముప్పై ఏళ్లలో ఖాళీ వదలడం వెర్నా చూడలేదు. బల్ల మీద 1958 మార్చి సంచిక తెరిచి ఉంది. అందులో అడ్డం పెట్టిన ఫోటో ఒకటి, దాన్ని పంపిన కవరు కూడా ఉన్నాయి. బిక్‌ఫర్డ్ ఫోటో చూశాడు, సంచికలో విందు గురించి రాసిన పేరా చదివాడు, రెండూ కోటు జేబులో పెట్టుకున్నాడు.

"ఎవరో తెలిసిందా?" అంది వెర్నా.

"తెలిసింది. రేపు అందరి ముందూ ఆ చేతులు చూడాలి."

ఈస్టరుకి ముందు వచ్చే శ్రమల కాలంలో శుక్రవారాలు మధ్యాహ్నం హాల్లో మాంసం లేని సూపు పెడతారు. ఆ రోజు ఎవరూ సరిగా తినలేదు. షెరిఫ్ తలుపు దగ్గర నిలబడ్డాడు. ఎమరీ మూలన ఒక్కడే కూర్చుంటే ఆ చుట్టుపక్కల కుర్చీల్లో ఎవరూ కూర్చోలేదు. వెర్నా తన గిన్నె పట్టుకెళ్లి అతని పక్కన కూర్చుంది. బల్ల మొదట హోలిస్ గ్రిండల్ ఉన్నాడు. పడవల కార్ఖానా యజమాని, పెద్ద వార్డెన్, నిండైన విగ్రహం. కుడిచేతి రెండు వేళ్లకు కట్టు.

"త్వరగా కానిచ్చెయ్ ఏసా," అన్నాడు గ్రిండల్. "అందరికీ తెలిసిన సంగతికి ఇంత తతంగం ఎందుకు?"

బిక్‌ఫర్డ్ లేచి బూడిద గిన్నె బల్ల మధ్యన పెట్టాడు.

"మీ నుదుళ్లు కాల్చింది దేవుడు కాదు," అన్నాడు. "బూడిదలో నీళ్లు పోస్తే క్షారం దిగుతుంది. పాతకాలంలో సబ్బు దాంతోనే వండేవారు. రాత్రంతా నానితే తోలు ఊడదీస్తుంది. అందుకే మట్టల బూడిదలో నూనె వేస్తారు. విన్నీకి ముప్పై ఏళ్లుగా తెలుసు. ఆమె సంచీలో నూనె సీసా మూత కూడా తియ్యలేదు. ఈ బూడిద విన్నీ చెయ్యలేదు."

హాల్లో చెంచాల చప్పుడు ఆగిపోయింది.

నాలుగింటికి పొగ లేచేసరికే విన్నీ మెట్ల కింద చచ్చిపడి ఉందన్నాడు బిక్‌ఫర్డ్. ఎమరీ అప్పుడు పక్క ఊళ్లో గ్యాస్ కొంటున్నాడు, కొట్టువాడు సాక్షి. చంపినవాడు ఆమె మట్టలతోపాటు నోటుపుస్తకం కూడా కాల్చాడు, ఆ తెల్ల పలుకులు దాని కాగితాలవే. గిన్నె సిద్ధంగా కనిపిస్తే ఆమె ఐదుదాకా బతికుందని అందరూ అనుకుంటారు. ఐదు నుంచి అతను పదిమంది మధ్య ఉంటాడు. కానీ ఆ బూడిద ఎలా చేస్తారో అతనికి తెలియదు. వేడివేడి బూడిదలో నీళ్లు పోసి, గడ్డలు చిదపడానికి వేళ్లు పెట్టాడు.

"ఫాదర్, మీ బొటనవేలు చూపించండి. గ్రిండల్ గారూ, మీరా కట్టు విప్పండి."

"పెనం కాల్చిందని చెప్పాను కదా! ఆర్లీన్‌ని అడగండి, వెన్న ఇచ్చింది."

"ఎన్నింటికి ఇచ్చావమ్మా?"

"ఐదింటికి," అంది ఆర్లీన్. అనేశాక ఆమె ముఖం పాలిపోయింది. "గ్యాస్... గ్యాస్ ఇంకా రాలేదప్పుడు. ఎమరీ ఐదున్నరకి కదా తగిలించింది."

"చల్లటి పెనం కాల్చదు," అన్నాడు బిక్‌ఫర్డ్. "ఫాదర్ వేలు బుధవారం ఈ బూడిద పెడుతూ కాలింది. మీ వేళ్లు మంగళవారమే ఎలా కాలాయి?"

గ్రిండల్ కట్టు విప్పలేదు. ఎడమచేత్తో దాన్ని కప్పుకున్నాడు. షెరిఫ్ రెండడుగులు ముందుకొచ్చాడు.

బిక్‌ఫర్డ్ ఫోటో తీశాడు. ఊరొదిలి వెళ్లినావిడ ఎవరో అటక సర్దుతుంటే దొరికిందని విన్నీకి పంపింది. 1958 విందు. గోడ గడియారం ఆరూ ఇరవై చూపిస్తోంది. పెనం దగ్గర ఏప్రన్ కట్టుకుని ఉన్నది ఆర్లీన్ పెనిమిటి. గ్రిండల్ ఎక్కడా లేడు. ఆ నెల పత్రికలో మాత్రం విన్నీ గ్రిండల్‌ని మెచ్చుకుంటూ, ఐదు నుంచి ఎనిమిది దాకా పెనం వదిలి కదల్లేదని రాసింది. కోర్టులో ఎవరెక్కడున్నారంటే చూపించింది ఆ పేరానే. తాగి పడున్న పనివాడు ఉండగా ఇంకెవరినీ ఏమీ అడగలేదు.

"పాలు అయిపోతే తేవడానికి ట్రక్కులో వెళ్లాను," అన్నాడు గ్రిండల్. ఎవరినీ చూడటం లేదు. "చీకట్లో పిల్ల అడ్డం వచ్చింది. తాళం ఎమరీ జేబులో పెట్టేశాను. వాడికి పెళ్లాం లేదు, పిల్లల్లేరు. నాకు నలభై మంది కార్ఖానాలో..." కట్టు ఉన్న చేతిని బల్ల కింద పెట్టుకున్నాడు. "పత్రికలో వేసే ముందు నీకే చెబుతున్నా హోలిస్, నీ నోటితో నువ్వే చెప్పుకో అంది విన్నీ. తోశానంతే."

షెరిఫ్ అతన్ని తీసుకెళ్లాడు. తిలా పాపం తలా పిడికెడు అంటారు కదా. పంతొమ్మిదేళ్లుగా అడగని ప్రశ్న తాలూకు పాపం ఆ హాల్లో అందరికీ తలా కాస్త చెందింది. వెర్నాకు కూడా.

ఎమరీ మాత్రం ఒకే సంగతి అడిగాడు. "ఈ ఫోటో విన్నీకి ఎప్పుడొచ్చింది?"

"కవరు మీద ముద్రని బట్టి పది రోజులైంది."

"పది రోజులూ పొద్దున్నే ఆమెకి నేనే కాఫీ ఇచ్చాను," అన్నాడు. "ఒక్క మాట నాతో అనుంటే... ఆమెని ఒంటరిగా వెళ్లనిచ్చేవాణ్ణా?"

ఫాదర్ పెక్ లేచి నిలబడ్డాడు. "ముందు అతనికే చెప్పమన్నది నేను ఎమరీ. ఎవరి గురించో అడగను కూడా అడగలేదు."

ఎమరీ తిట్టలేదు, పర్వాలేదనీ అనలేదు. టోపీ తీసుకుని పత్రిక గదిలోకి నడిచాడు. ముప్పై ఏళ్లు విన్నీ టైపు చేసింది, జైలు నుంచి వచ్చాక మిషను పిడి తిప్పింది అతనే.

వెర్నా వెనకే వెళ్లి టైపు మిషను ముందు కూర్చుంది. స్టెన్సిలు ఎక్కించి, ఏం కొట్టమంటావని అడిగింది. అతను తడుముకోకుండా చెప్పాడు. శిక్ష తగ్గించమని అడగడానికి కూడా అప్పట్లో అన్ని మాటలు దొరకని మనిషి.

'1958 మార్చిలో ఈ పత్రిక రాసింది తప్పు. డెల్లా మెరిల్‌ను గుద్దిన బండి నడిపింది ఎమరీ టిబెట్స్ కాదు.'

"ఇంకా నాలుగు వరుసలున్నాయి," అంది వెర్నా.

"అక్కర్లేదు."

అతను పిడి తిప్పాడు. మొదటి కాగితం తడి ఆరేదాకా ఊది, మడవకుండా పట్టుకుని బయటికి వెళ్లాడు. కిటికీలోంచి వెర్నాకు శ్మశానం కనిపిస్తోంది. ఎమరీ పంతొమ్మిదేళ్లలో జైల్లో లేని ప్రతి శీతాకాలం చేసినట్టే డెల్లా చిన్న సమాధి మీది మంచు చేత్తో తుడిచాడు. తర్వాత మోకాళ్ల మీద కూర్చుని, అక్షరాలు రాతి వైపు తిరిగేలా కాగితం ఎదురుగా పట్టుకున్నాడు.