గుడ్లున్న మగచేపలు

తూటా కిటికీ అద్దాన్ని, ఆ వెంటనే చేపల శాస్త్రవేత్త గొంతునూ చీల్చింది. ఆయన గాజు తొట్టె మీదికి ఒరిగి దాంతోపాటే కూలాడు. నీళ్ళు, నెత్తురు, గిలగిలలాడే చేపలు గది నిండా పరుచుకున్నాయి.

సీక్రెట్ సర్వీస్ చీఫ్ ఆ గదిలో తీసిన శవం ఫోటోను ఏజెంట్ ముందుకు తోశాడు. పట్టిన పని వదలడని ఆ ఏజెంట్‌ను డిపార్ట్‌మెంటంతా మొండి అంటుంది.

“విదేశీ ముఠా పని. ఇవాళ సాయంత్రం రిజర్వాయర్లోకి ట్యాంకరు నిండా తల్లిచేపల్ని వదులుతున్నారు. చూడ్డానికి ఆడవే, పొట్టలో గుడ్లు కూడా ఉంటాయి. కానీ హార్మోన్ మేపి అలా మార్చిన మగచేపలని ఈయన అనుమానం. వాటి డీఎన్ఏలో వై క్రోమోజోమే తప్ప ఎక్స్ లేదట.”

“అయితే?”

“పుట్టే పిల్లలన్నీ మగవే. కొన్నేళ్ళకి ఆ నీళ్ళలో గుడ్లు పెట్టే చేపే మిగలదు.”

మొండికి ఒళ్ళు మండింది. అతని అక్క, బావ బతికేది ఆ నీళ్ళ మీదే.

“టెస్టు మన డాక్టరమ్మ చేస్తుంది. నువ్వు అసిస్టెంట్ వేషంలో వెళ్ళు. అనుమానం నిజమైతే వైర్‌లెస్‌లో ‘వల చిరిగింది’ అను. ట్యాంకర్ని ఆపిస్తా.”

డాక్టరమ్మ అందగత్తె. ఆ సంగతి ఆమెకూ బాగా తెలుసు. గట్టు మీద ఆపిన వ్యానులో ట్యాంకరు చేపల రెక్క కొసలు కత్తిరించి, ట్యూబులు నింపే చాకిరీ అసిస్టెంటుకి వదిలేసి పెదాలకు రంగు దిద్దుకుంది. పీసీఆర్ మెషిన్ పని ముగించాక, జెల్ పలక మీద నీలి వెలుగులో డీఎన్ఏ గీతలు తేలాయి.

“చూడు. ఇది మామూలు మగచేప. ఎక్స్‌కొకటి, వైకొకటి, రెండు గీతలు. ట్యాంకరు చేపలకి ఒక్కటే. అంటే ఆడవే. వదలమని చెప్పు.”

“మరి ఆ చివరి గీత కిందికుందేంటి మేడమ్?”

ఆమె చెయ్యి ఆగిపోయింది. “ఏ చేపది అది?”

“మా బావ పొద్దున ఇక్కడే పట్టిన ఆడచేపది. మీకు చెప్పకుండా నేనే పెట్టా. ఆడదాని గీత కిందుంది. మీ చేపలదేమో మగచేప పై గీతకి సమంగా ఉంది. ఒక్క గీతే, కానీ వై గీత!”

ఆమె చేతిలోని లిప్‌స్టిక్ తుపాకీలా పేలింది. తూటా మొండి చెవి తమ్మెను ఎగరేసుకుపోయి వైర్‌లెస్‌ను ముక్కలు చేసింది. అతను జెల్ ట్రేతో ఆమె ముఖం మీద కొట్టాడు. ఆమె కత్తెరను అతని భుజంలో పిడి దాకా దింపింది. మొండి ఆమె జుట్టు పట్టి తలను మెషిన్‌కేసి బాదాడు. ఇక ఆమె లేవలేదు.

బయట ట్యాంకరు పైపు నీళ్ళ మీదికి వంచి ఉంది. అడ్డొచ్చిన కాపలావాడి మోకాలు ఇనపకడ్డీతో విరగ్గొట్టేలోపే డ్రైవర్ వాల్వు తిప్పేశాడు. మొండి తన భుజంలోని కత్తెర పెరికి వాడి ముంజేతిలో పొడిచాడు. వాడు కేకేసి కూలబడ్డాడు. వాల్వు బిగించి, పైపు మూతి దాటి జారుతున్న మొదటి చేపను తోక పట్టి ఆపాడు.

అక్క గాయానికి కట్టు కడుతూ కళ్ళు తుడుచుకుంది. “ఏం చేశావురా, ఇన్ని దెబ్బలు తిన్నావు?”

“చేపలు ఆడవో మగవో చూశానక్కా.”

“దానికింత గొడవా! పొట్ట నొక్కి గుడ్లున్నాయో లేదో చూస్తే సరిపోయేది కదరా, మొద్దూ!”