నాలుగో రీసెట్

తునిలో డాక్టర్ మురళీకృష్ణ బాయిలర్ పేలి చనిపోయాడని పేపర్లన్నీ రాశాయి. అది ప్రమాదమంటే నమ్మనివాళ్ళని రాష్ట్రంలో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఒకడు ఆ పేలుడు చేయించినవాడు. రెండోవాడు కడియంలో మొక్కలు అమ్ముకునే చంద్రరావు. మూడోవాడు ఇప్పుడే చంద్రరావు నర్సరీ ముందు బైకాపి, హెల్మెట్ తీయకుండానే మాట్లాడుతున్నాడు.

"నీలం మందారం దొరుకుతుందాండీ?"

"దొరుకుద్ది గానండి, గోదారి నీళ్ళు పడవు దానికి," అన్నాడు చంద్రరావు గులాబీ అంట్లకు నీళ్ళు కొడుతూనే.

కోడ్ సరిపోయింది. ఏజెంట్ లోకనాథ్ హెల్మెట్ తీశాడు.

క్రోటన్ల షెడ్డు వెనక ఇంకో గది ఉంది. అందులో మొక్కల్లేవు, మూడు మానిటర్లు, ఒక శాటిలైట్ ఫోను ఉన్నాయి. కోస్తా జిల్లాల ఇంటెలిజెన్స్ అంతా ఆ గదిలోంచే నడుస్తుంది. లారీ డ్రైవర్లకు మాత్రం అది ఎరువుల గోడౌను.

"మురళీకృష్ణ, ఆయనతో పనిచేసే సైంటిస్టు తబిత కలిసి జబ్బుని తట్టుకునే రొయ్యపిల్లని తయారుచేశారు. అది చెరువుల్లోకి వస్తే విదేశాల నుంచి తల్లిరొయ్యల్ని కొనే పని ఉండదు. అప్పుడు ఎవరి వ్యాపారం పోతుంది?" అన్నాడు చంద్రరావు.

"వాటిని దిగుమతి చేసే బ్లూ టైడ్ ముఠాది."

"అందుకే ఒకర్ని తీసేశారు. ఇక మిగిలింది తబిత. తునిలో ఫోరెన్సిక్ వాళ్ళు బూడిదంతా జల్లెడ పట్టారు. మందుగుండు లేదు, టైమర్ లేదు. బాంబు లేకుండా బాయిలర్‌ని ఎలా పేల్చారో ఇప్పటికీ తెలీదు."

"పావనికి తెలిసుండాలి కదా సార్?"

పావని బ్లూ టైడ్‌లో మనవాళ్ళు నాటిన మనిషి. బయటికి సింగపూర్ కంపెనీ రొయ్యల బయ్యర్, లోపల మన ఏజెంట్. తుని పేలుడు ముందు ఆమె నుంచి ఒక్క ముక్క రాలేదు.

"తెలీక చెప్పలేదో, తెలిసే చెప్పలేదో. నిన్న మాత్రం మెసేజ్ వచ్చింది. భీమవరం, దొరబాబు గారి మేత ఫ్యాక్టరీ. ఆయుధ పూజకి తబిత ముఖ్య అతిథి. బర్నర్ కంట్రోలర్ చూసుకోమంది."

"ఫంక్షన్ ఆపించేద్దాం సార్."

"ఆపితే ఇంకోచోట చేస్తారు. అక్కడ మనం ఉండం. తబితకి కూడా చెప్పకు. ఆవిడ మొహం చూస్తే వాళ్ళకి తెలిసిపోద్ది."

అంటే ఆమె ఎర. ఆ మాట చంద్రరావు అనలేదు, లోకనాథ్ అడగలేదు. పావనితో ఒకే బ్యాచ్‌లో ట్రైనింగ్ అయినవాడు లోకనాథ్. ఆమె ఒప్పుకుంటే ఉద్యోగం మానేసి పెళ్ళి చేసుకుందామని ఒకప్పుడు అనుకున్నాడు కూడా. ఇప్పుడు ఆమె మాట నమ్మాలా వద్దా అన్నదాని మీద ఇంకో మనిషి ప్రాణం ఉంది.

పండగ పొద్దున్నే నీలం ఓవరాల్స్, నెరిసిన పెట్టుడు మీసం, చెవిలో కనపడని ఇయర్‌పీస్‌తో బర్నర్ సర్వీస్ ఇంజనీర్ వేషంలో లోకనాథ్ ఫ్యాక్టరీలో దిగాడు. రొయ్యల మేత పిండిని ఉడికించి గుళికలు చేయాలంటే ఆవిరి కావాలి. ఆవిరికి బాయిలర్, బాయిలర్‌కి మంట. ఆ మంట పుట్టించేది ముందు తలుపుకి బిగించిన బర్నర్. తెల్లవారుదాకా నడిచి ఆగిన బాయిలర్‌ని అప్పటికే కడిగేశారు. ఆపరేటర్ రాముడు దానికి పసుపు రాసి బొట్లు పెడుతున్నాడు.

లోకనాథ్ బర్నర్‌ని నడిపించే పాత కంట్రోలర్ డబ్బా విప్పి చూశాడు. అందులో ఏ తేడా కనపడలేదు. అయినా పావని మాట ఉంది కాబట్టి తను తెచ్చిన కొత్తది బిగించాడు.

"ఒక్కసారి వెలిగించి చూస్తానండి."

ఓనరు దొరబాబు కంగారుపడ్డాడు. "భలేవారే! ఆయుధం కడిగి బొట్టు పెట్టాక మధ్యలో తీసి వాడతామాండీ? స్పేరు మార్చుకోండి, తప్పులేదు. వెలిగించడం మాత్రం ముహూర్తానికే."

ఎంత బతిమాలినా వినలేదు. ఎక్కువ పట్టుబడితే వేషం బయటపడుతుంది. లోకనాథ్ స్పానర్ పక్కన పెట్టాడు. పసుపు ఆరిపోతే బొట్టు నిలవదని రాముడు వెనకనుంచి తొందర పెడుతున్నాడు.

అప్పుడొచ్చింది తబిత. కాటన్ చీర, భుజాన గుడ్డసంచి. చేతిలో ఆకు దొన్నె.

"పులిహోర తినండి. పొద్దుట్నుంచి పనిలోనే ఉన్నారంట. ఏంటండీ ఈ డబ్బా చేసేది?"

అతను దొన్నె అందుకున్నాడు. ఈవిడకి నిజం చెప్పేస్తే బాగుణ్ణనిపించింది. దాని బదులు బర్నర్ గురించి చెప్పాడు.

"ఫర్నేస్ ఆయిల్ బెల్లం పాకంలా చిక్కగా ఉంటుందండి. అలా అంటుకోదు. ముందు హీటర్ దాన్ని వేడిచేసి పల్చన చేస్తుంది. పంపు ఒత్తిడి పెడుతుంది. సూది బెజ్జమంత నాజిల్ లోంచి మంచులా చిమ్ముతుంది."

"మరి అంటించేది?"

"ముందు ఫ్యాను తిరిగి, లోపల పాత ఆయిల్ ఆవిరేదైనా ఉంటే పొగగొట్టంలోకి తోలేస్తుంది. తర్వాత ఈ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మందపాటి తీగలో కరెంటు వెళ్ళి లోపల స్పార్క్ పడుతుంది. అప్పుడు వాల్వు తెరుచుకుని ఆయిల్ చిమ్ముతుంది, మంట లేస్తుంది. ఇదిగో, ఇది కన్ను. మంట కనపడకపోతే కొన్ని సెకన్లలో అన్నీ ఆపేసి ఎర్రలైటు వేస్తుంది. రీసెట్ నొక్కితే మళ్ళీ మొదట్నుంచి."

తబిత కొలిమి తలుపు వైపు చూసింది. "మొదటిసారి చిమ్మిన ఆయిల్ ఎక్కడికి పోద్దండీ?"

"కొంచెమేనండి. ఒకసారికి ఏం కాదు," అన్నాడు లోకనాథ్.

పావని రావడం అందరూ చూశారు. వంకాయ రంగు పట్టుచీర, నల్లకళ్ళద్దాలు, తలనిండా కనకాంబరాలు. పూజకొచ్చిన మేస్త్రీలు దారిచ్చారు. బాయిలర్ చుట్టూ ప్రదక్షిణం చేస్తున్నట్టు వచ్చి, అతని పక్కన ఆగి, పెదవులు కదలకుండా అంది:

"కంట్రోలర్ మార్చావా?"

"మార్చాను."

"మంచి పని చేశావు. గేటు దగ్గర గళ్ళ చొక్కా. రిమోట్ వాడి దగ్గర ఉంది. వెళ్ళు లోకా."

లోకా అని ఆమె తప్ప ఎవరూ పిలవరు. అతను వెళ్ళాడు.

వెనక మంత్రాలు మొదలయ్యాయి. గుమ్మడికాయ కొట్టిన చప్పుడు, తర్వాత ఫ్యాను రొద. గళ్ళ చొక్కావాణ్ణి లోకనాథ్ ఐస్ లారీ చాటున గోడకి నొక్కి జేబులు వెతికాడు. ఒక బీడీకట్ట, ఒక దువ్వెన.

"ఎవరు పంపారు నిన్ను?"

"సింగపూర్ మేడం గారండి! ఈ గేటు దగ్గర నిలబడమన్నారండి. అంతేనండి బాబూ, నాకింకేం తెలీదండి!"

లోపల ఫ్యాను రొద ఆగింది. కేక వినిపించింది, దొరబాబుది. "ఎర్రలైటేంట్రా రాముడూ? నొక్కు!" మళ్ళీ ఫ్యాను. మళ్ళీ ఆగింది. "ముహూర్తం దాటిపోద్దిరా, ఇంకోసారి నొక్కు!"

లోకనాథ్ తలెత్తి చూశాడు. పొగగొట్టంలోంచి తెల్లగా, పాలలాంటి పొగ వస్తోంది.

మంట ఉంటే నల్లపొగైనా ఉండాలి, లేదా పొగే కనపడకూడదు. తెల్లపొగంటే లోపల ఆయిల్ మండకుండా ఆవిరైపోతోంది. తెల్లవారుదాకా మండిన ఇటుకలు ఇంకా వేడిగానే ఉన్నాయి. రీసెట్ నొక్కినప్పుడల్లా వాటి మీద ఇంకాస్త ఆయిల్ పడి ఆవిరవుతోంది. ఫ్యాను ఎంత తోలినా తరగని ఆవిరి. ఎవరూ బాంబు పెట్టక్కర్లేదు. స్పార్క్ ఒక్కదాన్ని ఆపి ఉంచితే చాలు. ముహూర్తం దాటిపోతుందన్న భయంతో మనవాళ్ళే నొక్కి నొక్కి కొలిమిని నింపుతారు. తర్వాత స్పార్క్ వదిలితే ఆ ఆవిరంతా ఒక్కసారి అంటుకుని పేలుతుంది. తునిలోనూ ఆవేళ బాయిలర్‌కి పూజ ముహూర్తమే.

తను కంట్రోలర్ ఒక్కటే చూశాడు. స్పార్క్ పుట్టించే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టె మూత తీయలేదు. తబితకి కాపలా ఎలాగూ వస్తుంది, ఆ కాపలావాడు అది తీయకూడదనే పావని కంట్రోలర్ పేరు చెప్పింది.

లోకనాథ్ పరిగెత్తాడు. ఇంత భయం అతనికి తుపాకుల ముందు కూడా వేయలేదు.

లోపల రాముడు నాలుగోసారి నొక్కేశాడు. ఫ్యాను తిరుగుతోంది. హారతి పళ్ళెం పట్టుకుని తబిత సరిగ్గా బర్నర్ ఎదురుగా నిలబడింది. ఫోటో కోసమన్నట్టు అందరూ ఫోన్లు ఎత్తారు. పావని కూడా ఎత్తింది, అందరికన్నా వెనక, దళసరి స్తంభం పక్కనుంచి.

ఓవరాల్స్ లోపల పిస్టల్ ఉంది. కానీ అన్ని ఫోన్ల మధ్య అది మామూలు ఫోనే అయితే? లోకనాథ్ పిస్టల్ జోలికి పోలేదు. జనాన్ని తోసుకుంటూ బర్నర్ మీద పడి, ట్రాన్స్‌ఫార్మర్ నుంచి లోపలికి వెళ్ళే మందపాటి తీగని రెండు చేతులా పట్టుకుని లాగాడు.

తీగ ఊడొచ్చింది. వాల్వు టక్కుమని తెరుచుకుంది. స్తంభం పక్కన పావని బొటనవేలు ఫోను మీద నొక్కింది.

ట్రాన్స్‌ఫార్మర్ పెట్టెలో ఏదో టిక్కుమంది. తీగ చివర్నుంచి బర్నర్ ఇనుప ఒంటి మీదికి నీలం మెరుపు దూకింది, మధ్యలో లోకనాథ్ అరచేతిని కాలుస్తూ. లోపల పడాల్సిన స్పార్క్ బయట పడింది. పావని ఇంకోసారి నొక్కింది. ఇంకో మెరుపు. అతను కేక పెట్టాడు గాని తీగ వదల్లేదు. కన్నుకి మంట కనపడలేదు. వాల్వు మూసుకుంది. ఎర్రలైటు వెలిగింది.

దొరబాబు మెయిన్ స్విచ్ వైపు పరిగెత్తాడు.

"వద్దండీ! కరెంటు తీయకండి! రాముడూ, ఆయిల్ కుళాయి కట్టేసి ఫ్యాను మాన్యువల్‌లో పెట్టు! తిరగనీ! హారతి ఆర్పేయండి తబిత గారూ, అందరూ బయటికి!"

పావని గేటు దాటలేదు. చంద్రరావు మనుషులు మొక్కల లారీ అడ్డం పెట్టి ఉన్నారు. జీపెక్కే ముందు ఆమె నల్లకళ్ళద్దాలు తీసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"తుని సంగతి ముందే తెలుసు లోకా. చెప్తే నన్ను చంపేసేవాళ్ళు. చెప్పలేదు. నేను మనవాళ్ళ దగ్గర దాచానని వాళ్ళకి తెలిసినరోజు నుంచి వాళ్ళు ఏం చెప్తే అది చేయడమే అయింది."

"గళ్ళ చొక్కా దగ్గరికి ఎందుకు పంపావు?"

"నువ్వు పేలుడులో ఉండకూడదని," అంది పావని. అతను ఆమెని అసహ్యించుకుందామనుకున్నాడు, అది కూడా పూర్తిగా చేతకాలేదు.

బాయిలర్ షెడ్డు బయట అరుగు మీద తబిత అతని అరచేతికి మందు రాస్తోంది.

"మీకు ముందే తెలుసాండీ, నాకోసమే ఇదంతా అని?"

అబద్ధం చెప్పే శక్తి అతనిలో మిగల్లేదు. "తెలుసండి."

ఆమె కట్టు ముడి వేసింది. గట్టిగానే వేసింది.

"కొత్త చెరువులో నీళ్ళు మంచివో కావో తెలీనప్పుడు ముందు నాలుగు రొయ్యపిల్లల్ని వలగుడ్డలో వదిలి చూస్తామండి. అవి బతికితే మిగతావి వేస్తాం. వాటికి మేమూ చెప్పంలెండి."

సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. ఇయర్‌పీస్‌లో చంద్రరావు గొంతు మోగింది.

"కంగ్రాట్స్ లోకనాథ్! ఎలా ఉన్నారు తబిత గారు?"

"బతికే ఉన్నారు సార్. మనతో మాట్లాడటమే మానేశారు."