11:31కి తెరిచిన మూత

శాలిబండలోని ఆ ప్రైవేటు బ్లడ్‌బ్యాంక్‌లో సర్వర్ చచ్చి పడుంది.

ఎస్సై మహేశ్వరి లోపల అడుగుపెట్టేసరికి మధ్యాహ్నం 12:40. నిన్న ఇక్కడి రక్తం ఎక్కించుకున్న మాణిక్యమ్మ ఐసీయూలో ఉంది. ప్యాకెట్ మీద గ్రూపు లేబుల్ తప్పు. అలాంటివి ఇంకెన్ని? ఎవరికి వెళ్లాయి? జవాబు ఆ సర్వర్‌లోనే ఉంది.

"పొద్దున ఏసీ బందైంది మేడమ్. రూమ్ పొయ్యి లెక్క కాలింది. డేటా మొత్తం పోయింది," అన్నాడు మేనేజర్ ప్రేమ్‌రాజ్.

"కాగితాలు?"

"అన్నీ కంప్యూటర్లనే."

మహేశ్వరి పళ్లు కొరికింది. ఆ సర్వర్ బాగోగులు మలక్‌పేట ఆఫీసులో కూర్చుని చూసుకునే ఇంజనీర్ సాగర్‌ను పిలిపించింది. ట్రాఫిక్‌లో ఈదుకుంటూ అతను చేరేసరికి 1:50.

"వేడెక్కుతుంటే నీకు అలర్ట్ రాలేదా?"

"రాలే మేడమ్. 11:28కి లైనే కట్టయింది."

ప్రేమ్‌రాజ్ లేచాడు. "అబద్ధం! మిషన్ లోపలి ఫ్యాన్లు అక్కడ కూసొని బంద్ చేయొచ్చు. గీయనే చేసిండు!"

"నేనెందుకు చేస్త భాయ్?"

ముప్పావుగంట ఇదే లొల్లి. మహేశ్వరి తల పగిలిపోయింది.

"చాలు! మిషన్ల ఏమైందో ఎక్కడన్న రాసుంటదా?"

ఉంటుంది. సర్వర్ ఆగినా లోపల చిన్న చిప్ ఒకటి మేలుకునే ఉంటుంది. వేడి, ఫ్యాన్ల వేగం, అన్నీ టైముతో సహా లాగ్‌లో రాసుకుంటుంది. పీకేసి ఉన్న కేబుల్‌ను సాగర్ మళ్లీ తగిలించి, ల్యాప్‌టాప్ తెరిచాడు.

11:42. ప్రాసెసర్ 96 డిగ్రీలు. ఫ్యాన్లు సున్నా. సర్వర్ ఆఫ్.

"చూసిన్రా? నేను చెప్పిందే!" అన్నాడు ప్రేమ్‌రాజ్.

మహేశ్వరి వేలు కింది వరుస దగ్గర ఆగింది. ఇన్‌లెట్ 24.

"ఇదేంది?"

"లోపలికి పోయే గాలి వేడి మేడమ్. అంటే ఈ రూమ్‌ది," అన్నాడు సాగర్.

"పొయ్యి లెక్క కాలిన రూమ్‌ల ఇర్వై నాలుగేనా ప్రేమ్‌రాజ్?"

సాగర్ తెరను పైకి జరిపాడు. 11:31. సర్వర్ పెట్టె మూత తెరిచారు.

"ఫ్యాన్లు మలక్‌పేట నుంచి ఆపొచ్చు, సరే. మూత అక్కడ్నుంచి సాగర్ ఎట్ల తెరుస్తడు? ఈ రూమ్ తాళంచెవి ఎవరి దగ్గరుంది?"

ప్రేమ్‌రాజ్ చెయ్యి తన జేబు మీదికి పోయింది.

"ఆ లేబుళ్ల మీద సంతకం నాదే మేడమ్... ఫ్యాన్ల వైర్లు పీకిన. మిషన్ కాలితే డేటా గూడ పోతదనుకున్న."

"పోలే," అన్నాడు సాగర్. "కాలకముందే దానంతటదే బందైంది. డిస్కులు మంచిగున్నయ్."

సాగర్ ఫ్యాన్ల వైర్లు మళ్లీ తగిలించాక, 3:05కి తెర వెలిగింది. తప్పు లేబుల్ పడ్డవి మొత్తం మూడు ప్యాకెట్లు. ఒకటి మాణిక్యమ్మకు ఎక్కింది. ఒకటి ఇక్కడి ఫ్రిజ్‌లోనే ఉంది. మూడోది సైదాబాద్‌లోని ఓ నర్సింగ్‌హోమ్‌కు, గుండయ్య అనే పేషెంటు కోసం వెళ్లింది.

మహేశ్వరి అక్కడికి ఫోన్ కలిపింది. ఎంగేజ్. మళ్లీ ఎంగేజ్. మూడోసారికి నర్సు ఎత్తింది.

"గుండయ్యకు రక్తం పెట్టకున్రి!"

"పెట్టి పావుగంటయింది మేడమ్. చలి పెడుతుందంటున్నడు..."

"ఆపెయ్యమ్మా! అది తప్పు గ్రూపు!"

మాణిక్యమ్మ నాలుగో రోజు కళ్లు తెరిచింది. గుండయ్య బతికాడు కానీ, కిడ్నీలు దెబ్బతిని పదకొండు రోజులు మంచం దిగలేదు. ఒక్క పూటలో కేసు తేల్చావని పై అధికారి మెచ్చుకుంటుంటే మహేశ్వరికి ఒళ్లు మండింది.

ఆ లాగ్ ముప్పావుగంట ముందే అడిగి ఉండాల్సింది.