సొరుగులోని బ్రష్షు

తలుపు తెరిచాక కూడా ఆమె వెంటనే లోపలికి రాలేదు. వెనక్కి తిరిగి మెట్లవైపు చూసి, తన వెంట ఎవరూ లేరని నమ్మకం కుదిరాకే అడుగు పెట్టింది. గుమాస్తా కుర్చీ జరిపి మంచినీళ్లు ఇచ్చాడు. లాయరమ్మ కోర్టు మానేసి ప్రైవేటు డిటెక్టివ్‌గా మారి చాలా కాలమైనా జనం ఆమెను లాయరమ్మ అనే పిలుస్తారు. అప్పటి గుమాస్తాయే ఇప్పుడు ఆమెకు సహాయకుడు. ఎదుటి మనిషిని మధ్యలో ఆపకుండా ఆమె వినే తీరు చూస్తే అతనికి ఇప్పటికీ ముచ్చటే.

వచ్చినావిడ కళ్లద్దాల షాపు యజమాని భార్య. కిందటి నెలలో ఆయన్ని ఎవరో తలమీద కొట్టి చంపి, ఊరి చివర చెరువు రోడ్డు పక్కన పడేశారు. మొదట పోలీసుల చూపు షాపు భాగస్వామి మీద పడింది. అతని కారు వెనక సీటు మీద నెత్తురు మరక ఉంది. దారిలో దెబ్బ తగిలి పడి ఉన్న మనిషినెవరినో ఆస్పత్రి దగ్గర దింపాననీ, పేరు కూడా అడగలేదనీ అతను చెప్పాడు. ఆ నెత్తురు చనిపోయినాయనది కాదని ల్యాబ్ తేల్చింది. దాంతో పోలీసులు అద్దాలు అరగదీసే మేస్త్రిని పట్టుకెళ్లారు. షాపు రెండో తాళంచెవి అతని దగ్గరే ఉంది, పైగా ముందురోజే యజమానితో మాటా మాటా అనుకున్నాడు.

"మేస్త్రి మా ఇంట్లో మనిషండీ. వాళ్లిద్దరూ పోట్లాడుకోకపోతే నేనే ఒంట్లో బాగాలేదా అని అడిగేదాన్ని," అందామె. "ఆ భాగస్వామే రోజూ ఇంటికొస్తున్నాడు. వదినా, ఆవేళ అన్నయ్య నీతో ఏమన్నా చెప్పాడా అని తిప్పి తిప్పి అడుగుతున్నాడు. నాకు భయంగా ఉంది లాయరమ్మా."

శవ దహనం ఎప్పుడో అయిపోయింది. అలాంటప్పుడు ల్యాబ్ ఆ మరకను దేనితో పోల్చి చూసిందని లాయరమ్మ అడిగింది. ఆమెకు తెలియదు. పోలీసులు తమ ఇంట్లోంచి పూచికపుల్ల కూడా పట్టుకెళ్లలేదని మాత్రం చెప్పింది.

ఆ మధ్యాహ్నమే లాయరమ్మా, గుమాస్తా ఆమెతో కలిసి ఆ ఇంటికి వెళ్లారు. స్నానాలగది గూట్లో ఆయన షేవింగ్ సామాను అలాగే ఉంది. పక్కనే మూతపెట్టిన గాజు గిన్నె, ఏవో బిళ్లలున్న చిన్న డబ్బా, ఒకే ఒక్క టూత్ బ్రష్షు ఉన్నాయి. బ్రష్షు తనదేనంది ఆమె. ఆయనది పారేసి ఉంటుందిలే అని గుమాస్తా సరిపెట్టుకున్నాడు. లాయరమ్మ మాత్రం ఆమెను పక్కకు పిలిచి గొంతు తగ్గించి ఏదో అడిగింది. ఆమె సిగ్గుపడి, అవునన్నట్టు తలూపింది. అక్కడినుంచి లాయరమ్మా, గుమాస్తా పోలీసు స్టేషనుకు వెళ్లారు.

ఇన్‌స్పెక్టరు పాతకాలం మనిషి, అబద్ధమాడే రకం కాదు. షాపు సొరుగులో ఉన్న బ్రష్షును చనిపోయినాయనదంటూ భాగస్వామే తెచ్చిచ్చాడనీ, ల్యాబ్ దానితోనే పోల్చిందనీ చెప్పాడు. ఎప్పుడూ అలాగే చేసేవాళ్లమన్నాడు. అప్పుడు లాయరమ్మ ఈ ఏడే అమల్లోకి వచ్చిన చట్టం సంగతి గుర్తుచేసింది. హత్యకు గురైన ప్రతి మనిషి శరీరం నుంచీ, శవాన్ని అప్పగించే ముందే డీఎన్ఏ నమూనా తీసి భద్రపరచాలి. పోల్చి చూడమని కుటుంబం అడిగితే కాదనడానికి లేదు. శవపరీక్ష చేసిన డాక్టరుకు ఫోన్ చేస్తే, నమూనా తీసి, సీలు వేసి పంపాననీ, ఇంతవరకూ దాన్ని అడిగిన నాథుడు లేడనీ అన్నాడు. షాపు యజమాని భార్య ఆ రోజే దరఖాస్తు మీద సంతకం చేసింది.

ఫలితం వచ్చాక లాయరమ్మ అందరినీ షాపులో, కళ్లు పరీక్షించే గదిలో కూర్చోబెట్టింది. మేస్త్రిని కూడా కానిస్టేబుళ్లు తీసుకొచ్చారు. అతను బాగా చిక్కిపోయాడు.

"ఆ బ్రష్షు ఆయనదేనా?" అని లాయరమ్మ భాగస్వామిని అడిగింది.

"ఆయనదేనండీ. భోజనం కాగానే పళ్లు తోముకునేవాడు. ఎన్నేళ్ల నుంచి చూస్తున్నానో."

"ఏ పళ్లు?"

భాగస్వామి తలుపు వైపు చూశాడు. షాపు యజమాని భార్య నెమ్మదిగా అంది: "ఆయనకి ఒక్క పన్ను కూడా లేదండీ. కుర్రతనంలో బండి మీంచి పడి అన్నీ పోయాయి. కట్టుడు పళ్లని ఎవరికన్నా తెలిస్తే నవ్వుతారని ఆయన భయం. రాత్రి ఇంట్లో తీసి గిన్నెలో వేసుకోవడమే తప్ప, బయట తీసిన పాపాన పోలేదు."

ఆ గాజు గిన్నె దేనికో గుమాస్తాకు అప్పుడర్థమైంది.

లాయరమ్మ మిగతాది విప్పి చెప్పింది. డాక్టరు దాచిన నమూనాకూ బ్రష్షుకూ పొంతనే లేదు. కారులోని మరకతో మాత్రం ఆ నమూనా అచ్చంగా సరిపోయింది. పోయిన వారం షాపులో అందరి నోళ్లలోంచీ తీసిన నమూనాల్లో బ్రష్షుతో కలిసింది భాగస్వామిదే. అమ్మిన జోళ్లు కొన్ని తెప్పించి చూస్తే కారణమూ తెలిసింది. చిన్నపిల్లల కళ్లజోళ్లలో అతను నాసిరకం అద్దాలు బిగిస్తున్నాడని యజమాని కనిపెట్టి నిలదీశాడు. అతను అక్కడే ఆయన్ని కొట్టి, కారులో తీసుకెళ్లి చెరువు రోడ్డు పక్కన పడేశాడు. శరీరం కాలిపోయింది, ఇక పోల్చడానికి ఏమీ లేదనుకుని తన బ్రష్షే ఇచ్చాడు. ఆ చట్టం సంగతి అతనికి తెలియదు. భాగస్వామి తల వంచుకుని, ఆయన ఊరందరికీ చెబుతానన్నాడని గొణిగాడు. ఇన్‌స్పెక్టరు మేస్త్రి దగ్గరికెళ్లి అందరి ముందూ క్షమించమన్నాడు.

మర్నాడు షాపు యజమాని భార్య, మేస్త్రి కలిసి వచ్చారు. కృతజ్ఞతలు తనకు కాదు, ఆ చట్టం తెప్పించినావిడకు చెప్పమంది లాయరమ్మ. ఆవిడ ఒకప్పుడు బస్సు కండక్టరు. పెంచుకున్న కూతుర్ని చంపినవాడి కోటు మీద నెత్తురు దొరికింది కానీ, పోల్చడానికి ఆ పిల్లది వెంట్రుక కూడా మిగల్లేదు. వాడు తప్పించుకున్నాడు. ఆవిడ ఏళ్ల తరబడి ఒక్కో శాసనసభ్యుడి గుమ్మం ఎక్కి దిగింది.

నలుగురూ వెతుక్కుంటూ ఆవిడ ఇంటికి వెళ్లారు. దారి పొడుగునా కూర్చుకున్న మాటలేవీ షాపు యజమాని భార్యకు నోట రాలేదు. మేస్త్రే తడబడుతూ జరిగిందంతా చెప్పాడు. పెద్దావిడ ఆఖరిదాకా వింది.

"నేనొస్తున్నానంటే అందరూ తలుపులేసుకునేవాళ్లు," అంది. "ఆ చట్టం పనికొచ్చిందని చెప్పడానికి మా ఇంటికొచ్చింది మాత్రం నువ్వే తల్లీ."

బల్ల మీద పక్కకు జరిగి, ఆమెను కూర్చోమంది. "మీ ఆయన ఎలాంటి మనిషమ్మా? చెప్పు, వింటాను."

ఆమె కళ్లు తుడుచుకుని చెప్పడం మొదలుపెట్టింది. కాసేపటికి ఇద్దరూ నవ్వుతున్నారు. గుమాస్తా చప్పుడు చేయకుండా తలుపు దగ్గరగా వేసి, మెట్ల మీద కూర్చున్నాడు.