నాయన రంగు వదల్లేదు

కృష్ణగిరిలో చింతపండు మండీ నడిపే శ్రీరంగయ్య ఆ ఉదయం కాఫీ తాగి, కండువా భుజాన వేసుకుని, చెప్పుల్లో కాళ్లు పెట్టబోయాడు. కొడుకు ద్వారకనాథ్ వాకిలికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఇంక మీరు మండీకి రావద్దు నాయనా. గల్లాపెట్టె దగ్గర నేను కూర్చుంటా."

"ఎందుకప్పా?"

ద్వారకనాథ్ జేబులోంచి ఒక కాగితం తీశాడు. అది చూడగానే చెల్లెలు కాత్యాయని గుర్తుపట్టింది. రాసింది తనే మరి. బెంగుళూరులో సైకాలజీ ఎం.ఏ. చదువుతున్న ఆ మహాతల్లి, ప్రాక్టికల్స్ కోసం కన్నతండ్రినే కూర్చోబెట్టి కార్డుల పరీక్ష పెట్టింది. కార్డులను రంగును బట్టో, బొమ్మను బట్టో, బొమ్మల సంఖ్యను బట్టో జత చేయాలి. దేన్ని బట్టో చెప్పరు. రైటు, తప్పు అని మాత్రం అంటారు. వరసగా పది రైట్లు పడగానే చెప్పాపెట్టకుండా పద్ధతి మార్చేస్తారు. శ్రీరంగయ్య మొదట రంగు పట్టుకున్నాడు. పద్ధతి మారినాక ఆమె ఎన్నిసార్లు తప్పన్నా వదల్లేదు. 'పరిస్థితిని బట్టి ఆలోచన మార్చుకునే శక్తి బాగా తగ్గింది' అని రాసి, కాగితం పుస్తకంలో పెట్టింది. అది అన్న కంట పడింది. ఇప్పుడు ఆ మాటలే పైకి చదివాడు.

"అన్నా, అది కాలేజీకి రాసింది!"

"అయితే అబద్ధం రాసినావా? నాయన జట్కా మీదనుంచి పడి తలకు దెబ్బ తగిలినప్పటినుంచి నాకూ అనుమానమే."

"తండ్రి తలకాయకు మార్కులేసినావా తల్లీ!" అని తల్లి పుష్పవతి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

శ్రీరంగయ్య మాత్రం నెమ్మదిగా కూతురివైపు తిరిగాడు. "పది రైట్లు అయినాక రంగు వదిలి బొమ్మకు మార్చినావు. అదే గదమ్మా?"

కాత్యాయని ఒక అడుగు ముందుకేసింది. "మీకు తెలుసా? మరెందుకు మార్చలేదు?"

"ఎదుటోడు తల అడ్డంగా ఊపంగానే మాట మార్చేవాడు బేరం చేస్తాడా? నువ్వు తప్పు, తప్పు అంటావుంటే, బిడ్డ నా గట్టితనం చూస్తావుంది అనుకొన్నాను. నీ ముందర ఓడిపోకూడదని పట్టుకొని కూర్చున్నాను."

"ఇప్పుడు ఎవరైనా చెప్తారు," అన్నాడు ద్వారకనాథ్.

కాత్యాయని లోపలికి పరుగెత్తి కార్డులు తెచ్చింది. "ఇది బేరం కాదు నాయనా. తప్పంటే మార్చాల."

శ్రీరంగయ్య నిలబడే కార్డులు పెట్టాడు. ఆమె పద్ధతి మార్చిన ప్రతిసారీ ఒకటి రెండు తప్పులతోనే దారికొచ్చాడు. కట్ట అయిపోయేసరికి ద్వారకనాథ్ కాగితం చెల్లెలి చేతికిచ్చేశాడు.

"పొరపాటైపోయింది నాయనా. రండి, పోదాం," అంటూ వంగి తండ్రి చెప్పులు ముందుకు జరిపాడు.

కాత్యాయనికి కన్నీళ్లు ఆగలేదు. పరీక్ష పెట్టిన ఆ రోజు ముప్పైసార్లు తప్పని గీత పెట్టింది. ఎదురుగా కూర్చున్నది తన నాయనే.

"ఏడుస్తావెందుకమ్మా? పాసైనాను గదా?"

"ఎందుకు మార్చలేదు నాయనా అని ఆ పొద్దు ఒక్కసారన్నా అడగలేదే నేను!" అంటూ ఆమె తండ్రి చేతుల్లో ముఖం దాచుకుంది.