పడగ లేని నాగులు

అంగారకుడి మీద చెదలు లేవు. అందుచేత గౌతమీపురంలో నాగులచవితికి పుట్టను మనుషులే కట్టుకోవాలి. గాజు గోపురం కింద, ధాన్యం గోదాము పక్కన, ఆడవాళ్ళు ఏటా ఎర్రమట్టి తడిపి పుట్ట కడతారు. పొడిపాలు కలిపి పోస్తారు. నాగుపాము కూడా అక్కడ లేదు. ఎలుకల కోసం తాతల నాడు భూమి నుంచి తెచ్చిన జెర్రిపోతులే దిక్కు. జెర్రిపోతు నాగుకు మగడని పెద్దవాళ్ళు చెప్పేవారు. అది నిజం కాదని పాముల శాస్త్రం చదివిన తాయారుకు తెలుసు. అయినా చవితినాడు ఆవిడా తడిబట్టతో వచ్చి పాలు పోసేది. దేవుడికి శాస్త్రం అడ్డం వస్తుందని ఆవిడ ఎప్పుడూ అనుకోలేదు.

తరాలు గడిచేకొద్దీ ఆ పాములు మారాయి. ఒళ్ళు ఇటుకరంగుకు తిరిగింది. సన్నగా, పొడుగ్గా సాగాయి. మెడ మీద నామంలాంటి తెల్లటి గుర్తు పడింది. "పడగొక్కటే తక్కువ, స్వామే!" అని ఊరంతా చెంపలేసుకుంది.

ఈ ఏడు చవితి ముందు భూమి నుంచి విరించి అనే శాస్త్రవేత్త దిగాడు. గోపురంలో ప్రతి ప్రాణీ పీల్చే గాలికి లెక్కుంటుంది. గోదాములకు ఎలుక దూరని ఉక్కు తలుపులు వచ్చాయి కాబట్టి ఇక జెర్రిపోతులు అక్కర్లేదని, తీసెయ్యమని భూమిని ఏలే భూమండలి ఆజ్ఞ. అవి ఈ నేలకే చెందిన ఉపజాతి అని తేలితే మాత్రం ముట్టుకోకూడదు. అలాంటి ఉపజాతి భూమి మీద దిగనూ కూడదు.

అది తేల్చడానికి విరించి వంశదర్శిని తెచ్చాడు. తమలపాకుల పెట్టెంత యంత్రం. ప్రతి ప్రాణి కణంలోనూ దాని పుట్టుక రాసి ఉన్న పోగు, అంటే డీఎన్‌ఏ, ఉంటుంది కదా. ఆ పోగును ఈ పెట్టె చదివి, జాతి ఏదో ఉపజాతి ఏదో నోటితో చెబుతుంది.

"కుబుసం ముక్కయినా చాలండి. మిగతా ప్రాణులదైతే వెంట్రుకయినా సరే, ఉమ్మయినా సరే," అన్నాడు విరించి.

"అయితే ముందు నన్ను చూడమనండి!" తాయారు కూతురు ఇందీవర వేలు పెట్టేసింది. బరువు తక్కువైన ఈ నేల మీద పుట్టిన పిల్ల. గుమ్మం దాటాలంటే నడుం వంచాలి. వేళ్ళు వెదురుపుల్లల్లా పొడుగు.

"మనిషి," అంది పెట్టె. "భూమి మీది మనుషులకూ నీకూ భేదం లేదమ్మా."

"విన్నావా అమ్మా? మనిషినేనట! నీకే కదా ఎప్పుడూ అనుమానం."

విరించి నవ్వలేదు. ఆ పిల్ల చేతుల వంకే చూశాడు. "ఎంత పొడుగుంటావమ్మా?"

"ఏమండీ, సంబంధం గానీ చూస్తారా?"

"నోరు ముయ్యవే," అని తాయారు కసిరింది. కానీ అతని చూపు ఆవిడకు గుచ్చుకుంది.

విరించి తిరిగి వెళ్ళే రాకెట్‌లోనే ఇందీవరకు సీటు దొరికింది. గోదావరి పుష్కరాలకు భూమికి వెళ్ళి, తండ్రి అస్థికలు తన చేత్తో నదిలో కలపాలి. పోయేముందు ఆయన కోరింది అదొక్కటే. భూమి బరువును కాళ్ళు తట్టుకోవాలని ఆ పిల్ల మూడేళ్ళుగా ఒంటికి సీసపు పట్టీలు కట్టుకుని నడుస్తోంది.

వంశదర్శిని కుబుసాన్ని చదివింది. "జెర్రిపోతు. భూమి మీది జెర్రిపోతుకూ దీనికీ భేదం లేదు."

తాయారు నమ్మలేదు. ముష్టి పాముల కోసం ఒక మనిషిని ఇంత దూరం పంపుతారా? పెట్టెకు ముందే పాఠం నేర్పి తెచ్చారేమో! విరించి భోంచేస్తుండగా రహస్యంగా ఇంకో పాము కుబుసం పెట్టింది. అదే మాట. తాతల నాటి నుంచి సీసాలో దాచిన భూమి జెర్రిపోతు పొలుసు పెట్టింది. అదే మాట. ఏది పెట్టినా ఒకటే మాట అంటోందని ఆవిడ అనుమానం ఇంకా బలపడింది.

చవితినాడు పుట్ట దగ్గర, ఊరందరి ముందు అడిగేసింది. "విరించి గారూ, మీ పెట్టె పోగు చూస్తుంది. మేము పామును చూస్తున్నాం. ఈ రంగు, ఈ పొడుగు, ఈ నామం మీ భూమి మీద ఏ జెర్రిపోతుకైనా ఉందా?"

"లేదండి."

"మరి కంటికి కనిపించేది అబద్ధమా?"

"అంటే, జాతి తేల్చడానికి ఆకారమే ప్రమాణం, వంశదర్శిని మాట చెల్లదు అంటారు?"

"అంటాను."

"ఒక ప్రాణికి ఒప్పుకుంటే అన్నిటికీ అదే సూత్రం అవుతుంది. ఈ నేల ఉపజాతి ఈ నేల దాటకూడదు. ఆలోచించుకోండి."

"ఆలోచించేదేముంది? మా స్వామి మా దగ్గరే ఉంటాడు. మాకు కావలసిందీ అదే!"

ఊరు చప్పట్లు కొట్టింది. "సరే, అలాగే కానివ్వండి," అన్నాడు విరించి. ఇంత తేలిగ్గానా అని తాయారు మనసు ఒక్క క్షణం పీకింది. అప్పటికే ఎవరో ఆవిడ నుదుట పసుపు కుంకుమ పెడుతున్నారు.

ప్రయాణం రోజు రాకెట్ గుమ్మం దగ్గర విరించి చెయ్యి అడ్డం పెట్టాడు. "అమ్మాయి ఇక్కడే ఆగాలండి."

"ఎందుకని?"

"ఇక్కడ పుట్టినవాళ్ళది భూమి మనుషుల ఆకారం కాదు కదండీ. ఈ నేల ఉపజాతి భూమి మీద దిగకూడదు."

"అది పాముల మాట!"

"అన్నిటికీ ఒకటే సూత్రం అన్నాం కదా." అతను తల ఎత్తలేదు. "ఇక్కడివాళ్ళు రాకూడదని భూమండలికి ఎప్పటినుంచో పట్టుదలండి. ఈ పెట్టె మాటే అడ్డం వస్తుండేది. దాని మాట చెల్లదని మీ నోటినుంచే రావాలన్నారు."

తాయారు అతని చేతిలోంచి పెట్టె లాక్కుంది. కూతురి వేలు పట్టి దాని మీద అదిమింది.

"మనిషి," అంది పెట్టె, మొదటి రోజంత చల్లగా. "భూమి మీది మనుషులకూ నీకూ భేదం లేదమ్మా."

ఆవిడ మళ్ళీ అదిమింది. పెట్టె మళ్ళీ అదే చెప్పింది.

ఇందీవర వేలు వెనక్కి తీసుకుంది. ఎర్రగుడ్డ కట్టిన అస్థికల చెంబును గుండెలకు హత్తుకుని, "మరి మా నాన్న?" అంది.

విరించి గుడ్డ కొంచెం తప్పించి లోపలికి చూశాడు. రెండు చేతులూ చాచి చెంబు అందుకున్నాడు.

"ఫరవాలేదమ్మా, తీసుకెళ్తాను. దీనికి ఆకారం లేదు కదా."