తెల్ల ఫియట్టు మీద బసవ సోడా

"ఏవండీ, నా కారు మునిసిపాలిటీ గోడనుకున్నారేంటి?"

కుసుమకుమారి కుంచె ఆపి వెనక్కి తిరిగింది. తెనాలిలో తమ గోలీసోడా ఫ్యాక్టరీ ముందు ఆపిన తెల్ల ఫియట్టు తలుపు మీద ఆమె అప్పుడే ఎర్రటి 'బ' ఒకటి రాసింది. కారు గలాయన, మెకానిక్కు గోపాలకృష్ణ, ఆ అక్షరం వంక పుండును చూసినట్టు చూస్తున్నాడు.

"టైర్లు మా నాన్నగారు కొనిస్తుంటే, పేరు ఆయనది కాక ఇంకెవరిది రాయమంటారు?"

"రాయొద్దన్నానా? ఇంతింత అక్షరాలెందుకండీ? పెళ్లికూతురికి బొట్టు పెట్టినట్టు బుజ్జిగా రాయండి."

"పెళ్లికూతుర్ని పందెంలో పరిగెత్తిస్తారా ఎవరైనా?"

అతనికి నవ్వొచ్చింది. ఆ నవ్వు చూసి కుసుమ మెత్తబడింది. 'బ' తుడిచేసి, 'బసవ సోడా' అని గోరంత అక్షరాలతో రాసింది. కొంప ముంచింది అదే.

అది డెబ్బై ఒకటో సంవత్సరం. బాపట్ల దగ్గర సూర్యలంకలో, సముద్రపొడ్డున తడి ఇసుక మీద, టాక్సీలకూ ఇంటికార్లకూ పందెం పెట్టారు. బీడీల కంపెనీ ఒక కారుకీ, ఎరువుల కంపెనీ ఇంకో కారుకీ డబ్బు పెట్టి పేర్లు రాయించుకున్నాయి. అది చూసి కుసుమ తండ్రి బసవేశ్వరరావుగారికీ సరదా పుట్టింది.

పందెం దగ్గరపడేదాకా గోపాలకృష్ణ రోజూ సాయంత్రం సోడా తాగడానికి వచ్చాడు. అంత దాహం ఎడారిలో ఒంటెకైనా ఉండదు. చివరికి ఒకరోజు, సీసాలో గోలీ వంక చూస్తూ అన్నాడు.

"గెలిస్తే మీ నాన్నగారిని అడుగుతానండి."

"ఏంటి?"

"మిమ్మల్నే."

కుసుమ బుగ్గలు వేడెక్కాయి. "ఓడిపోతేనో?"

"ఓడిపోయిన మెకానిక్కుకి పిల్లనెవరిస్తారండీ? ఇక నోరెత్తను."

మగవాళ్ల పంతాలకేం, మూరెడు పొడుగుంటాయి! మర్నాడు బసవేశ్వరరావుగారు కారు చూసి గుడ్లు తేలేశారు.

"ఇవి అక్షరాలా, చీమలా? ఇదిగో అబ్బాయ్, షామియానా ముందుకొచ్చినప్పుడల్లా నిదానంగా పోవాలి. జనం పేరు చదవాలి. అలా అయితేనే టైర్లు నీవి."

పందెం ఆరు చుట్లు. మొదటి మూడు చుట్లూ ఫియట్టు గాలిలా వచ్చేది, షామియానా ముందుకి రాగానే దేవుడి పల్లకీలా కదిలేది. ఎరువుల కంపెనీవారి రేపల్లె అంబాసిడరు బర్రున దాటిపోయేది. షామియానాలో కూర్చున్న కుసుమకి ప్రాణం గిజగిజలాడింది. తండ్రి పెట్టిన షరతే తన పెళ్లికి అడ్డం పడుతోంది మరి.

మూడో చుట్టయ్యాక ఇంజన్లు చల్లారడానికి పావుగంట ఆపారు. కుసుమ తమ బోర్డు దగ్గరున్న ఎర్ర రంగు డబ్బా పట్టుకుని ఇసుకలో పరిగెత్తింది.

"మళ్లీ ఏంటండీ?" అన్నాడు గోపాలకృష్ణ భయంగా.

"మీ పెళ్లికూతురికి ఆ బొట్టు ఆనలేదు. జరగండి!"

అతను తన తెల్లకారును ఓసారి ఆశగా నిమిరాడు. "కానివ్వండి. మొహమంతా పులమండి" అని పక్కకి తప్పుకున్నాడు.

ముందు చక్రం నుంచి వెనక చక్రందాకా 'బసవ సోడా' అని రాసేసి, కుసుమ కేకేసింది. "నాన్నగారూ! అక్కణ్ణించి కనబడుతోందా?"

"గుడ్డివాడికైనా కనబడుతుందే!"

"అయితే ఇక నిదానంగా పోనక్కర్లేదుగా?"

ఆయన గడ్డం గోక్కున్నారు. "పోనీ, పోనివ్వు."

కుసుమ ఆనందం పట్టలేక గోపాలకృష్ణ భుజం మీద ఒక్కటి చరిచింది. "పదండి, తొక్కండి!"

తొక్కాడు. జనం లేచి నిలబడి "బసవ సోడా! బసవ సోడా!" అని ఒకటే అరుపులు. నాలుగో చుట్టులో సగం దూరం తగ్గింది. ఆరో చుట్టులో రెండు కార్లూ పక్కపక్కనే వచ్చాయి. కానీ బానెట్టంత తేడాతో అంబాసిడరే గెలిచింది.

కుసుమకి ఏడుపొచ్చింది. అతను మాట మీద నిలబడే మనిషి. ఇక అడగడు.

గోపాలకృష్ణ తల వంచుకుని వచ్చాడు. "ఓడిపోయానండి."

"పోతే పోయిందిలేవోయ్! గెలిచినవాడి ఎరువు పేరు ఎవడికైనా తెలుసా? బాపట్లంతా నా సోడా..." అంటూ బసవేశ్వరరావుగారు ఠక్కున ఆగిపోయారు. "ఏదీ, ఇటు తిరుగు."

తెల్లచొక్కా భుజం మీద ఎర్రగా ఒక అరచెయ్యి. అయిదు వేళ్లూ అచ్చుగుద్దినట్టున్నాయి. కుసుమ గబుక్కున చెయ్యి పైటలో దాచుకుంది.

"కారు మీద ఎరుపుంటే నా సోడాకి ప్రచారం. చొక్కా మీద ఇదెవరి ప్రచారమోయ్?"

షామియానా అంతా గొల్లుమంది. గోపాలకృష్ణ చెవులు కూడా రంగు తేలాయి.

"గెలిస్తే మిమ్మల్ని ఒక మాట అడుగుదామనుకున్నానండి. గెలవలేదు కదా, అడగనండి."

బసవేశ్వరరావుగారు కూతురి కళ్లలో నీళ్లు చూశారు. ఆయన గొంతు తగ్గింది.

"ఆ మూడు చుట్లూ నేను ఆపకపోతే నువ్వే గెలిచేవాడివి. ఓడించింది నేను, నువ్వు ఓడలేదు. అడగవయ్యా!"

అతను నోరు తెరిచేలోగా కుసుమ తడికళ్లతోనే నవ్వింది.

"తొందరపడకండి. షామియానా ముందున్నారు కదా, నిదానంగా అడగండి. జనమంతా వినాలి."